చెవి గడిలో కొండఈల

ముందుగా వినిపించింది ఈల.

నాలుగు స్వరాలు. మెట్టు మెట్టుగా పైకెక్కి, మూడో మెట్టు దగ్గర పిసరంత తడబడి, నాలుగో మెట్టు మీద నిలదొక్కుకుని, నదినంతా ఓసారి కలయజూసినట్టు సాగి, ఠక్కున ఆగిపోయింది.

ఆమె అడుగు గాలిలోనే ఆగింది. చేతిలోని ఎర్రకలం రిజిస్టరు అట్ట మీద ఒక చుక్క కార్చింది. ఎదుట వెదురుపొద తప్ప మరేమీ కనబడలేదు.

ఆమె అంత తేలిగ్గా ఆగిపోయే మనిషి కాదు. వేసవి వచ్చిందంటే నగరంలో సగం మందికి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. మిగతా సగం మందికి ఆ సగం మందిని ఫోటో తీయాలన్న కోరిక పుట్టుకొస్తుంది. ఇద్దరూ తెల్లవారేసరికి నదీతీరపు పార్కులో వాలిపోతారు. ఒకరు బాతులకు బిస్కెట్లు విసిరి పుణ్యం మూటగట్టుకుంటారు. ఇంకొకరు చేతి పొడవు లెన్సు బిగించుకుని, లకుముకి పిట్ట కూర్చున్న కొమ్మ కింద మూకుడులో చేపపిల్లలు పెట్టి, 'అడవిలో వేట' అని ఆ బొమ్మకు పేరు పెడతారు. పోతూ పోతూ అందరూ గేటు దగ్గర గొలుసుతో వేలాడే పెద్ద రిజిస్టరులో తాము చూసిన ప్రాణుల పేర్లు పెన్సిలుతో రాసిపోతారు.

పొద్దున్నే గొలుసు విప్పి రిజిస్టరు చేతబట్టుకుని, ఆ రాతలను సరిచూడటమే ఆమె ఉద్యోగం. పార్కు ఆఫీసులో రికార్డు గుమాస్తా. నిజమైనవాటిని నల్లసిరాతో ఖాయం చేస్తుంది. కానివాటిని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన కారణం రాస్తుంది.

'కొండచిలువ పిల్ల: కాదు. తోటమాలి నీళ్ళ పైపు.'

'గద్ద, చాలాసేపు ఒకేచోట ఎగిరింది: దానికి దారం ఉంది. గాలిపటం.'

'రాజహంస: బాతు. స్నానం చేసింది కాబట్టి తెల్లగా ఉంది.'

అందుకే అందరూ ఆమెను ఎర్రసిరా అనేవారు. ఎదుట మేడమ్, చాటున ఎర్రసిరా. ఆ పేరు ఎంతగా అంటుకుపోయిందంటే, తల్లిదండ్రులు ఆమెకు మరో పేరు పెట్టారన్న సంగతి పార్కులో ఇద్దరు ముగ్గురు పెద్దలకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆమె కూడా ఎవరికీ గుర్తు చేయలేదు.

అలాంటి ఎర్రసిరా ఇప్పుడు ఊపిరి బిగబట్టి, పిల్లిలా పొద చుట్టూ తిరిగింది. పొదకు అవతల రాతిగట్టు మీద ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచీ. పెదవులు అప్పుడే ఏదో చెప్పబోయి మానుకున్నట్టున్నాయి.

"కదలకండి!" అంది, గుసగుసలో ఇమడని అరుపుతో.

అతను కదలలేదు. రెప్ప కూడా వేయలేదు.

"విన్నారా?"

"ఏదండీ?"

"ఏది ఏమిటి? అవి చెవులేనా, కళ్ళజోడు తగిలించుకోవడానికి పెట్టించుకున్నారా? ఇప్పుడు పాడింది కదా!"

"ఓ... అదా? అదీ..."

"నసగకండి. విన్నారా, లేదా?"

"విన్నాను."

"ఎంత దూరంనుంచి?"

"చాలా దగ్గర్నుంచి."

"కొండఈల పిట్ట!" ఆమె గొంతులో పదేళ్ళ పిల్ల ఒకతి గెంతింది. "కొండ దిగి రాని పిట్ట. ఈ రిజిస్టరు మొదలైన దగ్గర్నుంచీ ఈ నది మీద ఎవరూ వినలేదు. మీరిక్కడ దిష్టిబొమ్మలా కూర్చోకపోతే ఇంకో రెండుసార్లు పాడేది."

"నేను కూర్చోకపోతే అసలు పాడేది కాదేమోనండీ."

"అబ్బో! మీరు తాళం వేస్తే తప్ప దానికి గొంతు పెగలదా?"

అతను నోరు తెరిచాడు. ఆమె ఆ నోటిముందు రిజిస్టరు తెరిచింది. అందులో రెండు గడులు ఉన్నాయి: ఒకటి కంటి గడి, రెండోది చెవి గడి. కంటితో చూసినదానికి ఒక్కరి మాట చాలు. చెవితో విన్నదానికి మాత్రం, ఒకేచోట ఒకేసారి విన్న ఇద్దరు కావాలి.

"సాక్షి సంతకం. ఇక్కడ. పేరు ఆదివారం సభలో నిలబడి చెబుదురుగాని."

"మేడమ్, ఒక్క విషయం చెప్పాలి, సంతకం పెట్టేముందు..."

"పెట్టాక చెప్పండి. ఆలోచిస్తూ కూర్చుంటే విన్నది మరిచిపోతారు. మనుషుల సంగతి నాకు తెలుసు."

అతను సంతకం చేశాడు. ఆమె దాన్ని వెలుగుకు పెట్టి చూసింది.

"ఇది సంతకమా, చీమ సిరాలో పడి ఇంటికి పోయిందా?"

జవాబు కోసం ఆగలేదు. చెవి గడిలో సమయం రాసింది: ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. పక్కన, చిన్న అక్షరాలతో: 'మూడో స్వరం దగ్గర గాలి జారుతోంది. గాయపడిన పిట్టేమో.' రాసి, గట్టు వెంట వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తాను నవ్వుతున్నానన్న సంగతి ఆమెకు తెలియదు. తెలిస్తే ఆ నవ్వును కూడా ఎర్రసిరాతో కొట్టేసేది.

* * *

మర్నాడు అదే వేళకు, అదే పొదలోనుంచి, అదే ఈల. మూడో రోజూ అంతే. రెండుసార్లూ ఆమె పరుగున వచ్చింది. రెండుసార్లూ పిట్ట లేదు, సాక్షి ఉన్నాడు.

ఆమె అతన్ని 'సాక్షిగారూ' అని పిలవడం మొదలుపెట్టింది. పిలుపులో గౌరవం గోరంత, ఎకసెక్కెం కొండంత.

"సాక్షిగారూ, రోజూ మీకే కనబడీ కనబడకుండా పోతుందేమండీ అది? దానికేమైనా బాకీ ఉన్నారా?"

"లేదండీ. నేను... వాయిద్యాలు బాగుచేస్తాను. సంతవీధి చివర కొట్టు. ఇంట్లో ఉక్కకు నిద్ర పట్టదు. కొట్టు తెరిచేదాకా ఇక్కడ కూర్చుంటాను."

"వాయిద్యాలు బాగుచేస్తారా! అయితే ఆ పిట్ట మూడో స్వరం కూడా కాస్త బాగుచేసి పెట్టండి. వింటుంటే నా ప్రాణం చివుక్కుమంటోంది."

అతను ఎందుకో చేత్తో నోరు కప్పుకున్నాడు. "తప్పుగా ఉందా?" అని అడిగాడు.

"తప్పు కాదు. గాలి పక్కకి పోతోంది. వినేవాళ్ళకు తెలుస్తుంది. మీకు తెలియలేదా?"

"ఇంతవరకు ఎవరూ చెప్పలేదండీ."

"పిట్ట పాటకు మీకెవరు చెబుతారు?"

ఈ మాటలు ఇలా సాగుతుండగా కబురు నగరమంతా పాకింది. నాలుగో రోజుకు వెదురుపొద ఎదుట పద్దెనిమిది ముక్కాలి స్టాండ్లు వెలిశాయి. వాటికి దండనాయకుడు పళ్ళ డాక్టరు; కెమెరా సంఘానికి అధ్యక్షుడు. ఒంటి మీద ఆకుపచ్చ మచ్చల చొక్కా, ఆకుపచ్చ మచ్చల టోపీ, ఆకుపచ్చ మచ్చల చేతిరుమాలు. పిట్టలకు కనబడకూడదని ఆయన పడిన పాట్లన్నీ ఆయన సెల్‌ఫోను మోతతో వమ్మయిపోయేవి.

"ఏమ్మా ఎర్ర... అదే, ఏమ్మా మేడమ్! నీ పిట్ట ఎక్కడ?"

"నా పిట్ట కాదండీ. నది పిట్ట. మీ చొక్కా చూసి అడవే నడిచొచ్చిందనుకుని దడుచుకున్నట్టుంది."

"వేళాకోళం కాదు. ఈ ఆదివారం సభలో నేను తీర్మానం పెడుతున్నాను. ఆ చెవి గడి తీసెయ్యాలి. ఫోటో ఉంటే రికార్డు, లేకపోతే లేదు. వినడం కూడా ఒక రుజువేనా? పన్ను నొప్పి అని ఒకడు వస్తే, ఎక్స్‌రే తీయకుండా పీకేస్తానా?"

"పీకేశారనే నగరంలో చెప్పుకుంటారండీ. అదీ పక్కపన్ను."

పద్దెనిమిది స్టాండ్ల వెనకనుంచి పదిహేడు నవ్వులు వినిపించాయి. డాక్టరు మాత్రం నవ్వలేదు.

"సభ అధ్యక్షురాలు పోస్టుమాస్టరమ్మగారు నాకు మాటిచ్చారు. ఈసారి ఓటు పెడతారు. నీ పిట్ట నిజమైతే నీ గడి నిలుస్తుంది. కాకపోతే పోతుంది. అంతే."

ఆయన వెళ్ళాక ఆమె రాతిగట్టు మీద కూలబడింది. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని, చెవి గడి మీద అరచేయి ఆనించింది. పక్కన సాక్షి ఉన్నాడు. ఇద్దరి మధ్య ఒక గుడ్డసంచీ ఉంది.

"ఆ గడి అంటే మీకెందుకంత?" అన్నాడు మెల్లగా.

ఆమె మామూలుగా అయితే 'మీకెందుకు' అనేది. ఆ పూట అనలేకపోయింది.

"ఈ గీత మా తాతయ్య గీసింది. నలభై వేసవులు ఈ పార్కుకు కాపలా ఉన్నారు. ఆఖరి ఆరేళ్ళూ చూపు లేదు. అందరూ ఇక ఇంట్లో కూర్చోమన్నారు. ఆయన రూళ్ళకర్ర పట్టుకుని, నా చేత పేజీకి రెండో గడి కొట్టించారు. రోజూ ఈ రాయి మీదే కూర్చునేవారు. 'బుడుబుంగ, ఎడమ ఒడ్డు. పికిలి పిట్టలు రెండు, అందులో ఒకటి పిల్ల' అని చెబుతుంటే నేను రాసేదాన్ని. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తప్పు పోలేదు. అందుకే ఈ గడి ఉండాలి. కళ్ళున్నవాళ్ళందరూ చూస్తారు కాబట్టి కాదు. చూడలేనివాళ్ళకు కూడా నది ఉంది కాబట్టి."

సాక్షి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ పిట్ట వచ్చింది కాబట్టి సరిపోయింది," అంది ఆమె లేస్తూ. "దీని పాట నాకు ఈలేసి నేర్పిన తాతయ్యే పంపినట్టుంది."

"మేడమ్, నేను మీకు... ఆ రోజు చెప్పాలనుకున్న..."

"ఆదివారం చెప్పండి, అందరి ముందూ. గట్టిగా చెప్పండి. మీ గొంతు మీ సంతకంలాగే ఉంది."

* * *

శుక్రవారం పళ్ళ డాక్టరు ఫోటో సంపాదించాడు. పార్కు గేటుకు పెద్ద కాగితం అతికించాడు: 'కొండఈల పిట్ట: మొట్టమొదటి ఛాయాచిత్రం.' అందులో వెదురాకుల మధ్య నల్లగా, పొడుగ్గా, మసకమసకగా ఏదో ఉంది. ఆమె దాన్ని దగ్గరగా చూసింది, దూరంగా చూసింది. అది జెముడుకాకి తోకలా ఉందని కన్ను చెప్పింది. కానీ పిట్ట ఉందని చెవి చెప్పింది. చెవి మాటే విని, మొదటిసారిగా కొట్టేయకుండా కలానికి మూత పెట్టింది.

శనివారం సాయంత్రం ఆమె అద్దం ముందు నిలబడింది. వంటింటి గుమ్మంలోనుంచి అమ్మ చూస్తోంది.

"ఎక్కడికే?"

"సాక్షికి రేపటి సభ వేళ చెప్పి రావాలి."

"వేళ చెప్పడానికి జడ రెండుసార్లు విప్పి అల్లాలా?"

"అమ్మా!"

"నేనేమన్నాను? వారంనుంచీ ఇంట్లో నువ్వు కూనిరాగం తీస్తున్నావు. పిట్ట పాడితే పిట్టను చూసి మురవాలి గానీ, సాక్షిని చూసి మురుస్తారా అని అడుగుతున్నా."

"ఆ మనిషా? నాలుగు మాటలు కూడబలుక్కునేసరికి సూర్యుడు నడినెత్తికొస్తాడు. అతన్ని చూసి మురవాలా?" అంటూనే చెప్పులు తొడుక్కుంది. కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కుంది.

సంతవీధి చివర, తాళాల కొట్టుకూ దర్జీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న చిన్న గది అది. గుమ్మానికి తెరలా వేణువులు వేలాడుతున్నాయి. లోపల హార్మోనియం తిత్తులు, తెగిన తంత్రులు, జిగురు వాసన. ఆమె తెర తీయబోయి ఆగిపోయింది.

లోపలినుంచి ఈల.

నాలుగు స్వరాలు. మూడోదాని దగ్గర గాలి పక్కకు జారింది.

ఆమె ఒళ్ళు భగ్గుమంది. పట్టేశాడు! పిట్టను పట్టి పంజరంలో పెట్టేశాడు! వేణువులన్నీ ఒకేసారి గలగలమనేలా తెర లాగి లోపలికి దూసుకుపోయింది.

"పంజరం ఎక్కడ? తియ్యండి బయటికి! సిగ్గులేదూ, చూడబోతే సాధువులా..."

అతను వేణువుకు సన్నటి ఆకురాయి పెడుతూ తలెత్తాడు. పెదవులు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి. ఆ గుండ్రటి సందులో, ముందుపన్ను ఒక మూల విరిగి ఉంది.

గదిలో పంజరం లేదు. పిట్టా లేదు.

ఆమెకు అర్థం కావడానికి ఎంతసేపో పట్టలేదు. కానీ ఆ కాస్తలోనే ఒక వేసవంతా గడిచిపోయినట్టయింది.

"మీరా?" అంది.

అతను ఆకురాయి కిందపెట్టాడు. "మొదటిరోజు తెలియక జరిగిందండీ. మా నాన్న కొండల్లో టెలిఫోను తీగలు లాగేవారు. ఆ పిట్ట పాటే నాకు తెలిసిన మొదటి పాట. శ్రుతి చూసుకోవడానికి అదే ఈల వేస్తాను, అలవాటు. మీకు చెప్పబోయాను. మీరు చెప్పనివ్వలేదు."

"రెండోరోజు?"

అతను వేణువు మీది రజను ఊదాడు.

"రెండోరోజు ఎందుకు వేశారని అడుగుతున్నాను."

"మీరు నవ్వారు."

"ఎప్పుడు?"

"మొదటిరోజు. వెళ్తూ. అందరూ మీకు నవ్వు రాదంటారు. వచ్చింది. నేను చూశాను. మళ్ళీ చూడాలనిపించింది."

"ఓహో! నా పళ్ళు చూడ్డానికి మా తాతయ్య గడిలో దొంగపిట్టను దూర్చారా? దానికి సాక్షి సంతకం కూడా మీరే పెట్టారా? దొంగా మీరే, దొరికిన సొమ్మూ మీరే, చూసినవాడూ మీరే! ఆ బాతులకు బిస్కెట్లు వేసేవాళ్ళు నయం. వాళ్ళు బాతుల్ని మోసం చేయరు."

"నాకు ఆ గడి సంగతి తెలియదండీ. మీరు చెప్పాక, నాలుగోరోజునుంచి నేను ఈల..."

"వేయలేదు. ఎంత ఉపకారం! చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఈలకైతే వచ్చింది." ఆమె గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రేపు సభకు రండి, రాకపొండి, మీ ఇష్టం. మీరు సాక్షి కాదు. ముద్దాయి."

ఇంటికి వచ్చి, జడ విప్పేసి, అమ్మకు అంతా చెప్పింది. అమ్మ పొయ్యి కట్టేసి, పీట మీద కూర్చుని విన్నది.

"ఆ డాక్టరు దగ్గర ఫోటో ఉందంటున్నావు కదే. నువ్వు నోరు మెదపకపోతే పిట్ట ఉన్నట్టే. నీ గడి నిలిచినట్టే. ఎవరికి తెలుస్తుంది?"

"రిజిస్టరుకి తెలుస్తుంది."

అమ్మ కాసేపు ఆమె కుడిచేతి చూపుడువేలి వైపు చూసింది. ఎన్ని వేసవులుగానో అక్కడొక ఎర్రమచ్చ. కడిగినా పోదు.

"తాతయ్య అయితే ఏం చేసేవారమ్మా?"

"ముందు ఆ అబ్బాయి చెవి మెలిపెట్టేవారు," అంది అమ్మ. "తరవాత, ఏదీ, ఇంకోసారి వెయ్యి అనేవారు."

* * *

ఆదివారం సభ పార్కు మధ్యలోని రేకుల షెడ్డులో. వేసవంతా, ప్రతి ఆదివారం ఉదయం, వారం రోజుల రిజిస్టరును అక్కడ బిగ్గరగా చదువుతారు. రాసినవారు లేచి, పేరు చెప్పి, 'నేనే చూశాను' అనో 'నేనే విన్నాను' అనో అనాలి. అనగలిగితే రాత నిలుస్తుంది. చివర్న 'పేరు తెలియదు' అని రాసిన ప్రాణుల వంతు. గుర్తుపట్టినవారు ఆ పేరు పైకి చెప్పాలి. ఎవరూ చెప్పలేకపోతే రాత కొట్టివేత. తాతయ్య పెట్టిన పద్ధతే అది.

బల్లలన్నీ నిండాయి. అధ్యక్షస్థానంలో పోస్టుమాస్టరమ్మ. ఊళ్ళోని ఉత్తరాలన్నీ ముప్పయ్యేళ్ళు ఆమె చేతిమీదుగా పోయాయి. ఎవరి మొహంలో ఏ ఉత్తరం ఉందో ఆమె విప్పకుండానే చదవగలదని ప్రతీతి. పళ్ళ డాక్టరు ఫోటోకు చట్రం కట్టించి తెచ్చాడు. వెనక బల్ల మీద, గోడలో కలిసిపోవాలని చూస్తూ, వాయిద్యాల కొట్టు యువకుడు.

"చదువమ్మా," అంది పోస్టుమాస్టరమ్మ.

ఆమె లేచి రిజిస్టరు తెరిచింది.

"చెవి గడి. సోమ, మంగళ, బుధ వారాలు. కొండఈల పిట్ట. విన్నది నేను." ఆగింది. కలం మూత తీసింది. మూడు గీతలు, మూడూ ఎర్రవి. కాగితం మీద కలం గీరుకున్న చప్పుడు వెనక బల్లదాకా వినిపించింది. "కొట్టివేత. కారణం: పిట్ట కాదు. మనిషి ఈల. పొరపాటు నాది."

షెడ్డులో కలకలం రేగింది. అందరికంటే ముందు లేచినవాడు పళ్ళ డాక్టరు.

"అదెలా కుదురుతుంది? పిట్ట ఉంది!"

"లేదండీ."

"ఉందమ్మా! ఇదిగో, నా ఫోటో! రెండు గంటలు బురదలో పడుకుని తీశాను!"

"బురద నిజమేనండీ. పిట్టే అబద్ధం. అది జెముడుకాకి తోక."

"తోకా? దాని కళ్ళల్లో మెరుపు చూడు!"

"అది వానచుక్క ఆరిన మరక. మీ లెన్సు మీదుంది."

"చూశారా పోస్టుమాస్టరమ్మగారూ! విన్న పిట్ట లేదని తనే అంటోంది, నేను చూసిన పిట్ట కూడా లేదంటోంది! నా సంఘంలో నలుగురు సభ్యులు దాని రెక్కల రంగు కూడా రాశారు. నీలం!"

అప్పుడు వెనక బల్ల కిర్రుమంది.

యువకుడు లేచి నిలబడ్డాడు. సంచీని పొట్టకు అదుముకున్నాడు.

"పేరు చెప్పి మాట్లాడు నాయనా," అంది పోస్టుమాస్టరమ్మ.

అతను నోరు తెరిచాడు. పేరు రాలేదు. మాట రాలేదు. మూడొందల కళ్ళు తన మీద పడేసరికి, ఉన్న నాలుగు మాటలూ గొంతులోనే చెల్లాచెదురైనట్టున్నాయి. కళ్ళు మూసుకున్నాడు. పెదవులు గుండ్రంగా చుట్టాడు.

నాలుగు స్వరాలు.

రేకుల కప్పు కింద ఆ ఈల తిరిగి తిరిగి, చల్లారి, ఆగింది. డాక్టరు చేతిలోని చట్రం నెమ్మదిగా కిందికి దిగింది.

"ఆ పిట్టను నేనేనండీ," అన్నాడు యువకుడు. ఈల వేశాక మాట వచ్చింది. "తప్పు నాది. మేడమ్ చెవిది కాదు. మొదటిరోజు ఆవిడేం రాశారో చదవమనండి. పక్కన, చిన్న అక్షరాలతో."

పోస్టుమాస్టరమ్మ రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. "'మూడో స్వరం దగ్గర గాలి జారుతోంది. గాయపడిన పిట్టేమో.'"

యువకుడు పెదవి పైకెత్తి, విరిగిన పన్ను చూపించాడు. "గాయం ఇదేనండీ. పదకొండేళ్ళనుంచి ఉంది. ఎవరూ విని కనిపెట్టలేదు. డాక్టరుగారూ, క్రితం ఏడాది మీ దగ్గరికే వచ్చాను. అద్దంలో చూసి, ఎక్స్‌రే కూడా తీసి, ఏమీ లేదు పొమ్మన్నారు."

ఈసారి షెడ్డంతా నవ్వింది. నవ్వనివాడు డాక్టరొక్కడే.

నవ్వులు సద్దుమణిగేదాకా పోస్టుమాస్టరమ్మ ఆగింది. "లేని పిట్టకు కళ్ళు ఫోటో తీశాయి, రెక్కలకు రంగు కూడా వేశాయి. చెవి మోసపోయింది గానీ, మోసపోతూనే పన్ను విరిగిందని పట్టేసింది. పైగా తన తప్పు తానే కొట్టేసుకుంది. ఓటు ఇంకెందుకు? చెవి గడి ఉంటుంది. డాక్టరుగారూ, ఆ చట్రం మంచిదే, వేరే బొమ్మ పెట్టుకోండి."

ఎర్రసిరా రిజిస్టరు తిరిగి అందుకుని, తల వంచుకుని పేజీ తిప్పింది. గొంతు సరిచేసుకుంది. "ఇక 'పేరు తెలియదు' అని రాసినవి. ఒక్కటే ఉంది. నిన్న సాయంత్రం రాసింది." చదవబోయింది. ఆగింది. ఆ అక్షరాలు చీమ సిరాలో పడి ఇంటికి పోయినట్టున్నాయి.

"ఏమ్మా?"

"చేతిరాత తెలియడం లేదండీ."

"నాకు తెలుస్తుందిలే. ఎన్ని చూశాను ఇలాంటివి." పోస్టుమాస్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని అందుకుంది.

"'జాతి: పేరు తెలియదు. చోటు: వెదురుపొద, నదిగట్టు, ఒకసారి నా కొట్లో. గుర్తులు: కుడి చూపుడువేలికి ఎర్రమచ్చ, ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండే కనుబొమలు. స్వభావం: దగ్గరికి పోతే పొడుస్తుంది. తప్పు చేసినవాణ్ణి గట్టిగా పొడుస్తుంది. తప్పు తనదైతే ఇంకా గట్టిగా పొడుచుకుంటుందని నా అనుమానం. నవ్వు: మూడుసార్లు. మూడూ నేను దొంగతనంగా సంపాదించుకున్నవి, కొట్టేయవచ్చు. నాలుగోది నిజాయితీగా చూడాలని ఉంది. చూసినవారు: ఒక్కరే. కంటి గడికి ఒక్కరు చాలన్నారు.'"

షెడ్డు బయట ఉడుత ఒకటి రేకు మీద పరుగెత్తింది. పోస్టుమాస్టరమ్మకు ఆ పేరు తెలుసు. ఇంకో ఇద్దరు పెద్దలకూ తెలుసు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి చేతిసంచీలో వాళ్ళు ఏదో వెతుక్కోసాగారు.

"ఎవరూ గుర్తుపట్టలేదా?" అంది పోస్టుమాస్టరమ్మ సంచీలోకి చూస్తూనే. "అయితే పద్ధతి ప్రకారం కొట్టెయ్యమ్మా."

ఆమె ఎర్రకలం తీసింది. వెనక బల్ల దగ్గర ఒక గుడ్డసంచీ నలిగిపోయింది. కలం కాగితం మీద వాలింది. ఒకే ఒక్క గీత గీసింది. అదీ ఒక్క మాట మీద.

"'ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండే కనుబొమలు' అని రాశారు. 'ఎప్పుడూ' అన్నది తప్పు," అంది, కనుబొమలు ఎగరేస్తూ. "నిద్రపోయేటప్పుడు ఉండవు. చూడనివి రాయకూడదు, సాక్షిగారూ."

"రాయనండీ."

"ఆ పన్ను బాగుచేయించుకోకూడదు. రేపెప్పుడైనా నిజం పిట్ట వస్తే నాకు తేడా తెలియాలి."

"చేయించుకోనండీ."

"ఇంకోసారి దొంగ ఈల వినిపిస్తే, ఈసారి మిమ్మల్నే కొట్టేస్తాను. పేరుతో సహా."

"నా పేరు మీకు తెలియదు కదండీ."

"మీకు మాత్రం నాది తెలుసా?"

"తెలియదనే కదండీ రాశాను."

బల్లల మీద నవ్వు అలలా లేచింది. అమ్మ ఎప్పుడొచ్చిందో, ద్వారం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఎర్రసిరా ఆ సభనంతటినీ, ఆ లెన్సుల్నీ, ఆ ఆకుపచ్చ మచ్చల టోపీనీ ఓసారి ఎప్పటిలాగే చిన్నచూపు చూసింది. ఆ చూపు వెనక బల్ల దగ్గరికి వచ్చేసరికి ఎందుకో నిలవలేకపోయింది. పెదవుల చివర మొదలైన నవ్వును దాచుకోవడానికి ఎర్రకలం అడ్డం పెట్టుకుంది. సిరా అంటి, పెదవి మరింత ఎర్రబడింది.

"పేరు చెప్పాలమ్మా," అంది పోస్టుమాస్టరమ్మ. "పైకి. అందరికీ వినబడేలా. పద్ధతి నీకు తెలియనిది కాదు."

ఆమె కలం మార్చింది. నల్లసిరా తీసుకుంది. 'పేరు తెలియదు' అన్నచోట రాస్తూ, రాస్తున్నదాన్నే బిగ్గరగా చదివింది.

"వకుళ."